పడుగు పేకల మీద ఎగిరే విమానం

1903 డిసెంబరు 17న అమెరికాలోని కిట్టీ హాక్ ఇసుక నేలల మీద రైట్ సోదరులు ఎగరేసిన విమానం రెక్కలకు తొడిగినది, ఆనాటి బట్టల దుకాణాల్లో ‘ప్రైడ్ ఆఫ్ ది వెస్ట్’ అనే పేరుతో అమ్మిన కోరా నూలు మస్లిన్ గుడ్డ. దానిని ముందుకు నడిపిన 12 గుర్రపు బలాల ఇంజనును వాళ్ల సైకిల్ కొట్టులో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్కు, ఒక లేతు, ఒక డ్రిల్లు వంటి కొద్దిపాటి సాధనాలతో ఆరు వారాల్లో తయారుచేశాడు. ఆ లెక్కన, ఇంజను బలంతో ఎగిరి మనిషి అదుపులో నడిచిన తొలి విమానమే ఇంట్లో కట్టిన విమానం. కర్మాగారాలు, లోహపు రేకులు, జెట్ ఇంజన్లు ఆ తరువాతి కథ.

పత్తి మీద, మిర్చి మీద బతికే గుంటూరు, ప్రకాశం మైదానాల నుంచి చూస్తే ఈ విద్యలో ముడిసరుకంతా తెలిసినదిగానే కనిపిస్తుంది. నూలు గుడ్డ, పత్తిగింజ మీది నూగు, చెక్క, జిగురు, పెట్రోలు, మందు కొట్టే పంపులో ఉండేలాంటి చిన్న ఇంజను, వీటిలో ఏదీ ఈ నేలకు కొత్త కాదు. కష్టమంతా వీటిని సంపాదించడంలో కంటే, ఎండకు, తేమకు, దుమ్ముకు ఏది ఎంత కాలంలో ఎంత లొంగిపోతుందో కొలిచి, అది పూర్తిగా లొంగక ముందే మార్చడంలో ఉంది. ఈ మైదానపు వాతావరణం ఆ కొలతలను ఎలా మారుస్తుందో గమనిస్తే తేలిక విమాన శాస్త్రంలో సగం బోధపడుతుంది.

సొంతంగా విమానం కట్టుకునే సంప్రదాయం నగరాల కన్నా పల్లెల్లోనే బలంగా వేళ్లూనింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజను బిగించి ఎగరేసిన చెక్క విమానం నమూనాతో ఔత్సాహికులు ఈనాటికీ విమానాలు కడుతున్నారు. ఫ్రాన్సులో హెన్రీ మిన్యే రూపొందించిన ‘ఆకాశపు పేను’ అనే విమానాన్ని 1930లలో ఎందరో ఇళ్లలో కట్టారు గాని, కిందికి వాలినప్పుడు ముందు రెక్క, వెనుక రెక్క ఒకదాని గాలిని ఒకటి చెడగొట్టడం వల్ల ముక్కు మళ్లీ పైకి లేవని దోషం ఉందని గాలి సొరంగ పరీక్షల్లో తేలేలోగా కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, చెక్క కోయడం, మేకు కొట్టడం వచ్చినంత మాత్రాన రెక్క రాదని ఆ అనుభవం చెప్పింది. 1953లో విస్కాన్సిన్‌లో పాల్ పొబెరెజ్నీ స్థాపించిన ప్రయోగాత్మక విమాన సంఘం ఇటువంటి అనుభవాలను ఒకచోట చేర్చింది. భారతదేశంలో డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అనుమతి లేనిదే ఇటువంటి విమానం నేల విడవకూడదు; ముంబయి పైలట్ అమోల్ యాదవ్ ఇంటి మేడ మీద కట్టిన ఆరు సీట్ల విమానానికి ఎగిరే అనుమతి 2019లో గాని చేతికి రాలేదు.

రెక్క నిర్మాణానికి పెంకుటిల్లు మంచి పోలిక. ఇంటికి దూలం ఎలాగో రెక్కకు స్పార్ అలాగ: విమానం నడుము నుంచి రెక్క కొస దాకా సాగే ఈ పొడవాటి పట్టె బరువునంతటినీ మోస్తుంది. దూలం మీద వాసాలు వేసినట్లు స్పార్‌కు అడ్డంగా వరుసగా బిగించిన రిబ్బులు రెక్కకు వంపు తిరిగిన ఆకారాన్నిస్తాయి; ఆ వంపు, రెక్క ముందు అంచు కాస్త పైకెత్తి ఉండే కోణం కలిసి గాలిని కిందికి మళ్లించగా, దానికి ప్రతిచర్యగా విమానం పైకి లేస్తుంది. పోలిక ఇక్కడితో తెగిపోతుంది, ఎందుకంటే ఇంటి కప్పు కిందికి బరువు దించుతుంది, రెక్క కప్పును గాలి పైకి పీకుతుంది. పైకి లేపే బలంలో ఎక్కువ పాలు రెక్క పైభాగాన పీడనం తగ్గడం వల్ల వచ్చేదే గనుక, పైగుడ్డ ఎప్పుడూ రిబ్బుల నుంచి ఊడి ఎగిరిపోవడానికే చూస్తూ ఉంటుంది.

450 కిలోల విమానానికి 14 చదరపు మీటర్ల రెక్క ఉందనుకుంటే ఒక్కొక్క చదరపు మీటరు సగటున 32 కిలోలు మోయాలి, అదే విమానం ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు పక్కకు ఒరిగి మలుపు తిరిగితే ఆ భారం సరిగ్గా రెట్టింపవుతుంది. రెక్క పైనా కిందా కలిపి 28 చదరపు మీటర్లకు పట్టే గుడ్డ బరువు నాలుగు కిలోలకు అటూఇటూ. ఇంత పలచని తొడుగు ఊడిపోకుండా నిలవడానికి జిగురు ఒక్కటే చాలదు. పైగుడ్డ నుంచి కిందిగుడ్డ దాకా, రిబ్బును చుట్టి, మైనం పట్టించిన గట్టి దారంతో రెండు మూడు అంగుళాలకు ఒక ముడి చొప్పున కుట్టుకుంటూ పోతారు. ఈ పనికి వాడే అడుగు పొడవు సూదిని గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు కుట్టే కూలీ చూస్తే దబ్బనం అనే అంటాడు. ప్రొపెల్లర్ గాలి నేరుగా తగిలే చోట ముడులు మరింత దగ్గరగా పడాలి, ఏ ముడీ పక్క ముడి మీద ఆధారపడకూడదు, ఒకటి తెగినా తక్కినవి జారకుండా నిలవాలి.

ఇక గుడ్డ సంగతి. తొలినాళ్లలో ఐర్లండు అవిసెనార బట్టను మించినది లేదనుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ నారకు కరవు రావడంతో అమెరికా శాస్త్రజ్ఞులు పొడవు పింజ పత్తితో దానికి సాటివచ్చే బట్టను రూపొందించారు. తరువాత ‘గ్రేడ్ ఏ’ అని ప్రమాణమైన ఆ బట్టలో అంగుళానికి 80 నుంచి 84 పోగులు పడుగులోనూ పేకలోనూ ఉండాలి, అంగుళం వెడల్పు పట్టీ ఏ దిశలో లాగినా 80 పౌండ్లు, అంటే సుమారు 36 కిలోలు, తెగకుండా ఓర్చుకోవాలి. పడుగుకూ పేకకూ సమబలం ఉండాలన్న ఈ షరతు ఎంత కష్టమైనదో మంగళగిరిలోనో చీరాలలోనో మగ్గం ముందు కూర్చున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. నూలును బిగలాగి పట్టి కాస్టిక్ సోడా ద్రావణంలో ముంచితే, మెలితిరిగిన రిబ్బనులా ఉండే పత్తి పోగు ఉబ్బి గుండ్రబడి, నునుపు, బలం రెండూ పుంజుకుంటుంది; 1844లో జాన్ మెర్సర్ కనిపెట్టిన చర్యకు, బిగలాగి ఉంచడం అనే తరువాతి మెరుగు తోడైన ఈ ప్రక్రియకు ఆయన పేరుమీదనే మెర్సరైజింగ్ అని పేరు. తడిసినప్పుడు బలం తగ్గకపోగా కాస్త పెరిగే అరుదైన పోగు పత్తి. వానలో ఎగరవలసిన రెక్కకు అదొక వరం.

నేసిన గుడ్డను చట్రం మీద ఎంత బిగించి కప్పినా అందులోనుంచి గాలి దూరుతుంది, తేమకు సాగుతుంది, అందుకని దానిమీద ‘డోప్’ అనే ద్రవాన్ని పూతలు పూతలుగా పూస్తారు. డోప్ అంటే సెల్యులోజుకు నత్రికామ్లంతోనో, అసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాలతోనో చర్య జరిపించి ద్రావణిలో కరిగించిన లేపనం. ఆ సెల్యులోజుకు శ్రేష్ఠమైన మూలం ఏదంటే, జిన్నింగ్ మిల్లులో దూది తీసేశాక పత్తిగింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు. అంటే ఒకే చెట్టు రెక్కకు గుడ్డనూ ఇచ్చింది, ఆ గుడ్డను బిగించే పూతనూ ఇచ్చింది! ద్రావణి ఆరిపోతున్న కొద్దీ పొర ముడుచుకుని, గుడ్డను తనతోపాటు లాగి, రెక్క మీద వేలితో కొడితే డప్పులా మోగేంత బిగువు తెస్తుంది. నైట్రేట్ డోప్ గుడ్డకు బాగా అతుకుతుంది గాని నిప్పురవ్వ తగిలితే భగ్గున మండుతుంది; అందుకే అడుగున దానిని పలచగా పూసి, పైన నిదానంగా మండే బ్యుటిరేట్‌తో కప్పే పద్ధతి వచ్చింది. తేమ ఎక్కువైన చోట నూలుకు బూజు పట్టకుండా మొదటి పూతలోనే బూజునాశిని కలుపుతారు.

ఆ తరువాత వచ్చిన పాలిస్టర్ గుడ్డకు ముడుచుకోవడానికి డోప్ అక్కరలేదు, వేడి చాలు. కొలిచిన ఇస్త్రీపెట్టెతో ముందు 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చివరికి 177 డిగ్రీల దగ్గర రుద్దితే అది తనంతట తాను బిగుసుకుంటుంది. వాయించే ముందు డప్పును నెగడు దగ్గర కాచడం ఎరిగిన ప్రాంతంలో ఈ సూత్రానికి వివరణ అవసరం ఉండదు. తేడా ఏమిటంటే డప్పు తోలులోని తేమ పోయి బిగుస్తుంది, పాలిస్టర్‌లో నూలు తీసేటప్పుడు సాగదీసిన అణు గొలుసులు వేడికి మళ్లీ ముడుచుకుంటాయి. ఉష్ణోగ్రత హద్దు దాటితే గుడ్డ సడలి, ఇక ఎన్నటికీ బిగవదు. ఎక్కువ బిగిస్తే ఆ లాగుడుకు సన్నని రిబ్బులే వంగిపోతాయి.

నూలుకైనా పాలిస్టర్‌కైనా అసలు శత్రువు ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు అణు గొలుసులను తెంచేస్తాయి. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల బట్ట పాత గోనెలా చివికిపోయి ఉంటుంది. దీనిని ఆపడానికి అల్యూమినియం పొడి కలిపిన వెండి రంగు పూతలు రంగు కింద తప్పనిసరిగా వేస్తారు. చీకటి గదిలో రెక్క లోపల దీపం పెట్టి చూస్తే వెలుగు ఎక్కడా బయటికి చొరకూడదు. అయినా నమ్మకం కొలతమీదనే: కొత్తప్పటి బలంలో 70 శాతానికి, అంటే గ్రేడ్ ఏ గుడ్డకైతే అంగుళానికి 56 పౌండ్లకు, తగ్గినట్లు తేలిన రోజున తొడుగు మొత్తం విప్పి కొత్తది వేయాలి.

చెక్క, జిగురుల విషయంలో ఉష్ణదేశపు హెచ్చరిక మన ఉపఖండంలోనే వినిపించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1944లో భారత, బర్మా రంగాల్లో వాడిన మస్కిటో అనే బ్రిటిష్ చెక్క యుద్ధ విమానాల్లో కొన్నింటి రెక్కలు అతుకుల దగ్గర విడిపోవడంతో వాటిని కొంతకాలం నేలకు దించవలసి వచ్చింది. ఎండా తేమా కలిసి చేసిన చేటు ఎంత, కర్మాగారంలో అతుకులు సరిగా పడకపోవడం వల్ల జరిగిన చేటు ఎంత అనే వాదం అప్పుడే మొదలైంది. రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. చెక్క తేమకు ఉబ్బి, ఎండకు ముడుచుకుంటూ ఉంటే, సందు మిగిలిన అతుకు ప్రతి రుతువులోనూ కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. పొడిగాలి, సముద్రపు చెమ్మ మార్చిమార్చి వీచే బాపట్ల, ఒంగోలు తీరాన చెక్క రెక్క ఉంచుకునేవారు అతుకులను ఏటా తట్టి చూడక తప్పదు. రెక్కలో నీరు నిలవకుండా అడుగున చిన్న రంధ్రాలు వదులుతారు. వాటిని మూసేసే కందిరీగల మట్టిగూళ్లూ, లోపల కాపురం పెట్టే ఎలుకలూ తనిఖీ పట్టికలో ఉండవలసిన అంశాలే. గాలి వేగాన్ని కొలిచే పిటో గొట్టంలో కందిరీగ గూడు కడితే వేగసూచిక అబద్ధం చెబుతుంది కాబట్టి, నేల మీద ఉన్నంతసేపూ దానికి ఎర్రగుడ్డ తొడుగు ఉండవలసిందే.

రెక్క మోసేది గాలి మీద ఆనుకుని గనుక గాలి ఎంత చిక్కగా ఉందన్నది మొదటి ప్రశ్న. 15 డిగ్రీల సెల్సియస్ వద్ద సముద్రమట్టాన ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. ఎండలకు పేరుపడ్డ పల్నాటి రెంటచింతలలో పాదరసం 45 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం అదే ఘనపు మీటరు సుమారు 1.1 కిలోలకు తగ్గుతుంది. నేల సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తులోనే ఉన్నా, రెక్క మాత్రం 1,200 మీటర్లకు పైబడిన కొండ మీద ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. వైమానికులు దీనిని సాంద్రతా ఎత్తు అంటారు. పైన చెప్పిన 450 కిలోల విమానం చల్లని వాతావరణంలో గంటకు 67 కిలోమీటర్ల వేగాన నిలదొక్కుకోగలిగితే, ఆ ఎండలో దానికి 70 దాటాలి. వేగం పెద్దగా పెరగలేదనిపించవచ్చు. కాని ఇంజను పీల్చే గాలీ పలచబడి బలం పదో వంతు తగ్గుతుంది, ప్రొపెల్లర్ నెట్టే గాలీ పలచబడుతుంది. ఈ మూడు నష్టాలూ కలిసి నేల మీద పరుగును పావు వంతుకు మించి పొడిగిస్తాయి. రన్‌వే చివర తాటిచెట్లు ఉంటే ఈ లెక్క తెల్లవారుజామునే వేసుకుని, మధ్యాహ్నం విమానాన్ని షెడ్డులో ఉంచడం మేలు.

ఇంజను విషయంలో మొదటి చిక్కు వేగం. చిన్న ఇంజను నుంచి ఎక్కువ బలం పిండాలంటే అది వేగంగా తిరగాలి, ప్రొపెల్లర్ మాత్రం నెమ్మదిగా తిరిగితేనే పనిచేస్తుంది. తేలిక విమానాల్లో విరివిగా కనిపించే ఆస్ట్రియా దేశపు రోటాక్స్ 912 తరగతిలో 100 గుర్రపు బలాల ఇంజను నిమిషానికి 5,800 చుట్లు తిరుగుతుంది. దానికి 1.7 మీటర్ల ప్రొపెల్లర్‌ను నేరుగా తగిలిస్తే కొస వేగం సెకనుకు 500 మీటర్లు దాటి, ధ్వని వేగాన్ని మించి, బలమంతా చప్పుడుగా, వేడిగా వృథా అవుతుంది. అందుకే మధ్యలో 2.43 కు 1 నిష్పత్తి గేరు పెట్టి ప్రొపెల్లర్‌ను సుమారు 2,390 చుట్లకు దించుతారు. అప్పుడు కొస వేగం 210 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పీటెన్‌పోల్ వాడిన కారు ఇంజను బరువైనదైనా 40 గుర్రపు బలాలను 2,200 చుట్లలోపే ఇవ్వడం వల్ల గేరు లేకుండా సరిపోయింది.

అంతకన్నా తేలికైన, చౌకైన విమానాలకు రెండు స్ట్రోకుల ఇంజన్లు వాడతారు. మిర్చి చేలల్లో వీపున మోసే తైవాన్ పంపు ఇంజను జాతి అదే: కవాటాలు ఉండవు, పిస్టనే కదులుతూ రంధ్రాలను మూసి తెరుస్తుంది, విడిగా నూనె తొట్టి లేని రకాల్లో పెట్రోలులో కలిపిన నూనే లోపలి భాగాలను తడుపుతుంది. యాభైకి ఒక పాలు చొప్పున పది లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల నూనె కలపాలన్న లెక్క పొరబడితే పంపు చేలో ఆగుతుంది, రైతు గట్టున కూర్చుని ప్లగ్గు తుడుచుకుంటాడు. విమానానికి గట్టు ఉండదు. ఇంజను ‘పట్టేయడానికి’ మూలం రెండు లోహాల వ్యాకోచంలో ఉన్న తేడా. వంద డిగ్రీల వేడికి 80 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 0.18 మిల్లీమీటర్లు ఉబ్బితే, అదే కొలత ఇనుప సిలిండరు సుమారు 0.09 మాత్రమే ఉబ్బుతుంది. చల్లని ఇంజనును ఒక్కసారిగా పూర్తి బలానికి తెస్తే పిస్టన్ ముందు వేడెక్కి, సిలిండరు ఇంకా చల్లగానే ఉండి, మధ్యనున్న సన్నని సందు మూసుకుపోతుంది. పైనుంచి దిగుతున్నప్పుడు పెట్రోలు పూర్తిగా తగ్గించేస్తే, దానితోపాటు నూనె అందడమూ తగ్గిపోతుందని చాలామందికి తట్టదు; ప్రొపెల్లర్ మాత్రం గాలికి ఇంజనును తిప్పుతూనే ఉంటుంది.

ఇంజనుకు మరో చిక్కు ఇక్కడి నేల. నల్లరేగడి ఎండలో నెర్రెలు బారి, చక్రం తగిలితే మెత్తని దుమ్ముగా లేస్తుంది, వానలో ఉబ్బి బంకగా చక్రాలను పట్టేస్తుంది. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు గాలి జల్లెడ దాటితే సిలిండరు గోడలను ఆకురాయిలా అరగదీస్తాయి. మార్చిన నూనె జల్లెడను పారేయకుండా కోసి, మడతలు విప్పి, అయస్కాంతానికి అంటుకునే రజను ఎంత ఉందో చూడడం మంచి మెకానిక్కు అలవాటు. ఇనుప రజను అంటితే బేరింగులో, గేరులో అరుగుదల మొదలైందని అర్థం.

పెట్రోలు ఇప్పుడు మరొక చిక్కు తెచ్చింది. బంకుల్లో దొరికే ఇంధనంలో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, రోటాక్స్ 912 వంటి ఇంజన్లకు తయారీదారు ఒప్పుకున్న హద్దు మాత్రం పది శాతం. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ హద్దు దాటగానే నీటితో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ పడిపోయి ఇంజనులో కొట్టుకుంటుంది, అడుగున చేరిన నీటి పాలు ఇంధన గొట్టంలోకి ముందుగా వెళుతుంది. పాత రబ్బరు గొట్టాలను, ట్యాంకు లోపలి లేపనాలను ఇథనాల్ మెత్తబరుస్తుంది కూడా. కొలజాడీలో పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పైన తొంభై మిల్లీలీటర్ల పెట్రోలు పోసి కుదిపి నిలబెడితే, నీటి గీత పదిని దాటి ఎంత పైకి జరిగిందో అది ఇథనాల్ పాలును ఇంచుమించుగా చెబుతుంది. విమానాలకని తయారయ్యే సీసపు పెట్రోలు వాడితే ఈ బెడద తప్పుతుంది గాని, సీసం ప్లగ్గుల మీద, నూనెలో పేరుకుని నూనె మార్పిడి గడువును సగానికి కుదిస్తుంది.

గుంటూరు ప్రాంతంలో ఇంజనులో మంచు పడుతుందంటే నవ్వు రావచ్చు. కార్బురేటరులో గాలి ఇరుకు దారిన వేగంగా పోయేటప్పుడు పీడనం పడిపోతుంది, అక్కడే పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. రెండూ కలిసి ఉష్ణోగ్రతను 20 డిగ్రీలకు పైగా దించగలవు. సంక్రాంతి రోజుల్లో, పొగమంచు పట్టిన 18 డిగ్రీల ఉదయాన, ఆ చల్లదనం గాలిలోని తేమను నేరుగా మంచుగా మార్చి, గాలి దారిని కొద్దికొద్దిగా మూసేస్తుంది. ఇంజను బలం చెప్పకుండానే తగ్గి, దిగి మూత విప్పి చూసేసరికి మంచు కరిగిపోయి, దోషం ఆనవాలే మిగలదు. పొగగొట్టపు వేడిగాలిని కార్బురేటరుకు మళ్లించే మీట ఇందుకోసమే.

ఈ మైదానంలో విమానం దిగగల చోట్లకు కొదవ లేదు. బ్రిటిష్ కాలపు దొనకొండ విమానాశ్రయ స్థలం ప్రకాశం జిల్లాలో ఉంది. కొరిశపాడు, రేణంగివరం మధ్య 16వ నంబరు జాతీయ రహదారినే 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వేగా మలిచి, 2022 డిసెంబరు 29న, 2024 మార్చి 18న వైమానిక దళం విమానాలతో పరీక్షించింది. అయితే ఈ చేల మీద రోజూ ఎగురుతూ, చేల గట్ల మీదనే మరమ్మతు అవుతున్న తేలిక గగనయానం మందు చల్లే డ్రోను. లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం దీనిని నడపడంలో శిక్షణ ఇస్తోంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు బరువును బట్టి డ్రోన్లను తరగతులుగా విభజించాయి. పది లీటర్ల తొట్టితో ఎగిరే డ్రోనుకు ఆరు మోటార్లుంటే, రెండేసి రెక్కల చొప్పున పన్నెండు రెక్కలున్నట్లే లెక్క, ఎందుకంటే ప్రొపెల్లర్ ఆకు ప్రతిదీ గుండ్రంగా తిరిగే రెక్కే. వంపు, కోణం, గాలి సాంద్రత దానికీ వర్తిస్తాయి. కిలో పెట్రోలులో ఉన్న శక్తిలో అరవయ్యో వంతు కూడా కిలో బ్యాటరీలో పట్టదు గనుక అది పది పదిహేను నిమిషాలకోసారి దిగుతుంది, 45 డిగ్రీల ఎండలో కాగిన బ్యాటరీని నీడలో చల్లారనివ్వకుండా చార్జింగుకు పెడితే దాని ఆయువు తగ్గుతుంది.

దిగిన ప్రతిసారీ ఆకుల అంచులను వేలితో తడిమి చూడాలని శిక్షకులు చెప్పడానికి కారణం లెక్కలోనే ఉంది. పత్తి కంపకు తగిలి ఆకు కొస దగ్గర, ఇరుసుకు 35 సెంటీమీటర్ల దూరాన రెండు గ్రాముల పెచ్చు ఊడిందనుకుంటే, నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఆ లోటు ఇరుసును సుమారు ఏడు కిలోల బలంతో సెకనుకు యాభైసార్లు చుట్టూతా గుంజుతుంది. ఆ కుదుపుకు మరలు వదులవుతాయి, మోటారు బేరింగు అరుగుతుంది, డ్రోను నిలకడను కాచే జైరో సెన్సరు ఏది గాలి తోపో ఏది తన వణుకో తేల్చుకోలేకపోతుంది. అందుకే విరిగిన ఆకును ఒక్కదాన్నే మార్చరు. ఎదుటి ఆకునూ తీసి, సరితూగే జతను బిగిస్తారు.